హరాల్డ్ రైన్ల్: ఇన్ని హిట్లు తీసిన డైరెక్టర్‌కి పుస్తకంలో ఒక్క పేరానేనా?

డాన్యూబ్_గట్టు
నాలుగేళ్లుగా ఆస్ట్రియాలో, లింజ్‌లో ఉంటున్నా. మా ఇంటి ఓనరమ్మకి డెబ్భై ఏళ్లు. పోయిన ఆదివారం హీటర్ సంగతి చెబుదామని కిందికి వెళ్తే టీవీ ముందు కదలకుండా కూర్చుని ఉంది. తెరమీద తెల్లటి రాతికొండ, దాని అంచున వరసగా గుర్రాలు. నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టి పక్క కుర్చీ చూపించింది. అది ‘వినెటూ’ మూడో భాగం. అపాచీ నాయకుడు వినెటూ తన స్నేహితుడికి తగలాల్సిన తూటాకి అడ్డం పడి, అతని చేతుల్లోనే ప్రాణం వదులుతాడు. 1965లో, పదేళ్ల వయసులో వాళ్లన్నయ్యతో వెళ్లి చూసిందట. ఇల్లు చేరేదాకా అన్నయ్య ఏడుస్తూనే ఉన్నాడట. ఆ మాట చెబుతుంటే ఆవిడ గొంతు ఇప్పటికీ పూడుకుపోయింది.

‘తీసినాయన బాడ్ ఇష్ల్ వాడే తెలుసా, మనకి దగ్గరే’ అని ఎంతో గర్వంగా చెప్పింది. పేరు హరాల్డ్ రైన్ల్. వెతికితే ఆశ్చర్యపోయా. 60 దాకా సినిమాలు తీశాడు, అందులో పెద్ద పెద్ద హిట్లున్నాయి, ఒకటి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. కానీ లైబ్రరీలో జర్మన్ సినిమా చరిత్ర పుస్తకం తిరగేస్తే ఆయనకి ఒక్క పేరా. అంతమంది పిల్లలు ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లిన సినిమా తీసినవాడికి ఇంతేనా? ఎందుకిలా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడాలో కూడా చెప్పండి.

రీలు_డబ్బా
ఈ పేరు ఎవరైనా ఎత్తుతారా అని పదేళ్లుగా చూస్తున్నా. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

1908లో బాడ్ ఇష్ల్‌లో పుట్టాడు. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వేసవికి వచ్చే ఊరు అది. 1914లో సెర్బియా మీద యుద్ధ ప్రకటన మీద ఆయన సంతకం పెట్టింది కూడా అక్కడే. రైన్ల్‌కి అప్పుడు ఆరేళ్లు. చదివింది లా, అదీ డాక్టరేట్ దాకా. అందుకే చాలా సినిమాల టైటిల్స్‌లో ‘డా. హరాల్డ్ రైన్ల్’ అని పడుతుంది. చూసినవాళ్లు వైద్యుడనుకుంటారు.

సినిమాల్లోకి వచ్చింది మాత్రం లా పుణ్యాన కాదు, స్కీయింగ్ వల్ల. ఆర్నాల్డ్ ఫాంక్ అనే ఆయన నిజమైన మంచుకొండల మీద, నిజమైన ప్రమాదాల మధ్య సినిమాలు తీసేవాడు. వాటికి ఆరితేరిన స్కీయర్లు కావాలి. రైన్ల్, ఆయన కవల సోదరుడు కుర్ట్ ఇద్దరూ మంచి స్కీయర్లు. అలా 1930లో మోంట్ బ్లాంక్ తుఫాను సినిమాలో, 1931లో ‘డెర్ వైసె రౌష్’లో మంచు మీద దూసుకెళ్లేవాళ్లలో ఒకడిగా కనిపించాడు. కెమెరా వెనక్కి రాకముందు కెమెరా ముందు కొండ దిగినవాడన్నమాట.

డైరెక్టర్‌గా మొదటి ఫీచర్ 1949లో, ‘బెర్గ్‌క్రిస్టాల్’. అక్కణ్ణుంచి 50ల నిండా పల్లె, కొండ, చర్చి, ప్రేమ ఉండే కథలు. జర్మన్‌లో వాటిని ‘హైమాట్‌ఫిల్మ్’ అంటారు. హైమాట్ అంటే సొంత ఊరు, పుట్టిన నేల. యుద్ధంలో ఊళ్లు బూడిదై, లక్షలమంది కొంపా గోడూ వదిలి వచ్చిన కాలం. పచ్చిక బయలు, ఆవు మెడలో గంట, దెబ్బతినని కొండ చూస్తే చాలు, జనానికి ప్రాణం లేచొచ్చేది. 1956లో ఒక్క పశ్చిమ జర్మనీలోనే 81 కోట్లకు పైగా టికెట్లు తెగాయి.

తర్వాత 1959లో ఎడ్గార్ వాలెస్ నవలతో ‘ముసుగు వేసిన కప్ప’, జర్మన్‌లో ‘డెర్ ఫ్రోష్ మిట్ డెర్ మాస్కే’. అది ఆడాక ఆ బాటలో 1972 దాకా క్రైమ్ సినిమాలు వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత వినెటూలు, పాత జర్మన్ వీరగాథ నీబెలుంగెన్, డిటెక్టివ్ జెర్రీ కాటన్ కథలు, స్కూలు కామెడీలు, వేరే గ్రహాల వాళ్ల మీద డేనికెన్ డాక్యుమెంటరీ. 70ల్లో మళ్లీ కొండ కథలకే తిరిగొచ్చాడు.

నిక్కచ్చి
పైన లిస్టు చూస్తేనే జవాబు తెలుస్తోంది. ఏ గాలి వీస్తే అటు తెరచాప ఎత్తాడు. పల్లె కథ ఆడితే పల్లె కథ, ముసుగు హంతకుడు ఆడితే ముసుగు హంతకుడు. ఆయనదంటూ చెప్పడానికి ఒక మాట ఉందా? పేరా చాలు.

సీమ_సినిమా
నిక్కచ్చి అన్నా, అలా చూస్తే మన విఠలాచార్య గారికి కూడా ఒక్క పేరానే రాయాలి. ఎన్ని రాసినా తక్కువే అనిపించే మనిషి ఆయన.

నిక్కచ్చి
విఠలాచార్య సినిమా రెండు నిమిషాలు చూస్తే ఎవరిదో చెప్పేస్తాం. రైన్ల్‌ది అలా చెప్పగలరా?

కట్_చెప్పు
నేను చెప్పగలను. 11 ఏళ్లుగా డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నా కాబట్టి పని వైపు నుంచి చెబుతా.

రైన్ల్ సినిమాలో మనిషి ఎక్కడ నిలబడ్డాడో ఎప్పుడూ తెలుస్తుంది. వినడానికి చిన్న విషయమే, సెట్లో మా ప్రాణం తీసేది అదే. లోయలో ఒక గుంపు, గట్టు మీద ఒక గుంపు, వాగు అవతల హీరో. ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరికి ఎవరు కనబడుతున్నారు అనేది ప్రేక్షకుడికి ఒక్క షాట్‌లో అర్థం కావాలి. మేం ఎనిమిది షాట్లు తీసి ఎడిటింగ్‌లో తంటాలు పడతాం. ఆయన కెమెరాని సరైన గుట్ట మీద పెట్టి ఒక్క వైడ్‌లో తేల్చేస్తాడు. కొండ దిగే దారి ఏదో, ఎక్కడ కాలు జారుతుందో, ఎండ ఎన్ని గంటలకి ఏ రాయి మీద పడుతుందో ఒంటికి తెలిసిన మనిషి మాత్రమే అలా పెట్టగలడు. లొకేషన్ చూడ్డానికి రెక్కీకి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాడికి ఆ చూపు రాదు.

ఇంకో సంగతి. 1965లో ఆయనవి మూడు సినిమాలు రిలీజయ్యాయి. స్పెయిన్‌లో తీసిన ‘డెర్ లెట్స్టె మోహికానెర్’ ఆగస్టులో, యుగోస్లావియాలో తీసిన వినెటూ మూడో భాగం అక్టోబర్‌లో, దెయ్యంలాంటి సన్యాసి తిరిగే వాలెస్ సినిమా డిసెంబర్‌లో. మూడూ ఆయనవే, మూడూ వేరే రకాలు. ఒక్క ఔట్‌డోర్ షెడ్యూల్‌లో వానొస్తే మాకు ఎంత టెన్షనో మాకే తెలుసు. ఫ్యాక్టరీ అని తేలిగ్గా తీసేయకండి.

డాన్యూబ్_గట్టు
కట్_చెప్పు, ఇది చదివాక నిన్న రాత్రి మొదటి భాగం మళ్లీ పెట్టి చూశా. నిజమే. మనుషులు చీమలంత ఉన్నా ఎవరు ఎవరో తెలుస్తోంది.

సీమ_సినిమా
కౌబాయ్ అనేసరికి నాకు కృష్ణ గారే గుర్తొస్తారు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ గారు రాజస్థాన్ ఎడారికి వెళ్లి తీసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’కి ఈ వినెటూలు ప్రేరణ ఏమైనా ఉందా?

రీలు_డబ్బా
నేరుగా లేదు. దాస్ గారి ముందున్నవి ఇటలీ వెస్టర్న్‌లు, హాలీవుడ్ సినిమాలు. కానీ ఒక మెట్టు వెనక్కి వెళ్తే లింకుంది, మంచి లింకే.

1962 డిసెంబర్‌లో రైన్ల్ తీసిన వినెటూ సినిమా ‘డెర్ షాట్జ్ ఇమ్ జిల్బర్‌జే’ వచ్చింది. వెండి సరస్సులో నిధి కథ. 35 లక్షల మార్కులు ఖర్చు పెట్టారు, అప్పట్లో పశ్చిమ జర్మనీలో అంత ఖరీదైన సినిమా లేదంటారు. నిర్మాత హోర్స్ట్ వెండ్‌లాండ్, పంపిణీ కాన్‌స్టాంటిన్ కంపెనీ. అది విరగబడి ఆడింది. అమెరికా గడప తొక్కకుండా యూరప్‌లోనే గుర్రాలూ తుపాకులూ పెట్టి డబ్బు చేసుకోవచ్చని అందరికీ అప్పుడు అర్థమైంది. రెండేళ్లకి ఇటలీలో సెర్జియో లియోనే మొదటి వెస్టర్న్ తీశాడు. దానికి పెట్టుబడి పెట్టినవాళ్లలో అదే కాన్‌స్టాంటిన్ ఒకటి. అందులో హీరోయిన్ మరియాన్నె కోఖ్ జర్మన్ నటి. లియోనే నుంచి దాస్ గారికి, అక్కణ్ణుంచి మన ఊరి టూరింగ్ టాకీస్‌కి. దారి అలా వచ్చింది.

సీమ_సినిమా
అయితే వెండి సరస్సులో నిధి కథ, మనదీ నిధి వేటే! మన సినిమాని ఇంగ్లీషులోకి డబ్ చేసినప్పుడు పేరు కూడా ‘ట్రెజర్’ అనే పెట్టారు. భలే కలిసింది.

అరకు_అమ్మాయి
ఆ వెండి సరస్సు నేను చూశా! క్రొయేషియాలో ప్లిట్‌విత్సే నేషనల్ పార్క్. 16 సరస్సులు మెట్లు మెట్లుగా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దూకుతుంటాయి. నీళ్ల మీద చెక్కబాట వేశారు, కాళ్ల కిందే నీళ్లు, అడుగున పడి ఉన్న చెట్టు కొమ్మ మీద సున్నం పూత పట్టి తెల్లగా కనబడుతుంది. మా గుంపులో ఇద్దరు జర్మన్ పెద్దవాళ్లు ఒక మలుపు దగ్గర ఆగిపోయి, చేతులు పట్టుకుని ఆ సినిమా ట్యూన్ మెల్లగా హమ్ చేశారు. అప్పుడు నాకేం అర్థం కాలేదు. ఇప్పుడు ఈ చర్చ చదివితే అర్థమైంది.

అక్కణ్ణుంచి జ్ర్‌మన్యా నది లోయకి కూడా వెళ్లాం. తెల్లటి సున్నపురాయి గోడలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్లు. మొదటి భాగంలో అపాచీల ఊరు వేసింది ఆ లోయ పైనే అని గైడు చూపించాడు. అమెరికా ఎడారి అంటే ఎర్రమట్టి కదా మనకి, అక్కడ కొండలన్నీ ముగ్గు చల్లినట్టున్నాయి.

రీలు_డబ్బా
అమ్మాయ్, అసలు విషయం పట్టుకున్నావు. ఆ తెలుపే ఆ సినిమాల ప్రాణం. అది అరిజోనాలా లేదని ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే కథలు రాసిన కార్ల్ మై కూడా అమెరికా చూడకుండానే రాశాడు. రాసేసిన చాలా ఏళ్లకి, 1908లో గానీ ఆయన అక్కడ కాలు పెట్టలేదు. సరిగ్గా రైన్ల్ పుట్టిన ఏడు. జర్మన్ పిల్లల తలలో ఉన్న అమెరికా అది. ఆ ఊహకి ఒక చోటు వెతికిపెట్టినవాడు రైన్ల్, దాన్ని పట్టుకున్నవాడు కెమెరామన్ ఎర్న్‌స్ట్ కాలింకె, వినిపించినవాడు మార్టిన్ బ్యోట్‌చర్. ఆ ట్యూన్ రికార్డుగా కూడా బాగా అమ్ముడుపోయింది.

వినెటూ వేసిన పియర్ బ్రీస్ ఫ్రెంచి మనిషి. అతని స్నేహితుడు ఓల్డ్ షాటర్‌హ్యాండ్‌గా వేసిన లెక్స్ బార్కర్ అమెరికన్, అంతకుముందు టార్జాన్. చుట్టూ జనం యుగోస్లావియా వాళ్లు. రెండో భాగంలో లెఫ్టినెంట్‌గా వేసిన కుర్రాడి పేరు మారియో జిరోత్తి. టెరెన్స్ హిల్ అంటే సీమ_సినిమా గుర్తుపడతాడు.

సీమ_సినిమా
‘ట్రినిటీ’ హీరోనా! ఈ రాత్రికే రెండో భాగం చూస్తా.

స్టుట్‌గార్ట్_సుధ
ఆ వెండి సరస్సు సినిమా మొదటి షో పడింది మా ఊళ్లోనే. అందరూ మెచ్చుకుంటుంటే మధ్యలో ఇది చెప్పాలా వద్దా అనుకున్నా గానీ చెప్పాలి.

2022లో ఇక్కడ పెద్ద గొడవైంది. వినెటూ చిన్నప్పటి కథ అని కొత్త పిల్లల సినిమా వచ్చింది, దాంతోపాటు వచ్చిన పుస్తకాలని విమర్శలు రాగానే ప్రచురణకర్తలు వెనక్కి తీసుకున్నారు. పాత తరం వాళ్లు మా చిన్నతనం లాక్కుంటున్నారని మండిపడ్డారు. మా పాప కిండర్‌గార్టెన్‌లో కార్నివాల్‌కి ఈకల టోపీ పెట్టొద్దని నోటీసు అంటించారు. పాప నన్ను అడిగింది, ఎందుకమ్మా అని. నేను చెప్పింది ఇది: ఆ ఈక వాళ్లకి గౌరవంగా వచ్చేది, మనం కొట్లో కొనుక్కునేది కాదు. మన దేవుళ్ల బొమ్మలు చెప్పుల మీద వేస్తే మనకెలా ఉంటుంది?

సినిమాల్లో వినెటూ మంచివాడు, వీరుడు, అది నిజం. కానీ అపాచీల సొంత మాట, సొంత ముఖం ఆ సినిమాల్లో ఎక్కడా లేవు. ఒంటికి రంగు పూసుకున్న యూరప్ వాళ్లే ఉన్నారు. భూమి పోగొట్టుకున్న జనం కథని వాళ్లు లేకుండా చెప్పారు.

డాన్యూబ్_గట్టు
సుధ గారూ, మంచి మాట అన్నారు. మా ఓనరమ్మతో ఈ ముక్క చెబితే నొచ్చుకుంటుందేమో అనుకున్నా. విని కాసేపు ఆగి, ‘మా చిన్నప్పుడు సినిమాల్లో ఇండియన్ అంటే చచ్చిపోయే విలనే. ఇతని కోసం మేం మొదటిసారి ఏడ్చాం’ అంది. రెండూ నిజమే అనిపించింది నాకు.

స్టుట్‌గార్ట్_సుధ
ఆవిడ మాట కాదనను. మూడో భాగంలో వినెటూని కాల్చే విలన్ వేసిన రిక్ బత్తాలియాని జనం ఏళ్ల తరబడి ‘వినెటూ హంతకుడు’ అనే చూశారట. అంత ప్రేమ ఉండేది.

నిక్కచ్చి
ప్రేమ సంగతి సరే. అందరూ ఫాంక్ దగ్గర్నుంచి 1949కి దూకేశారు. మధ్యలో 18 ఏళ్లు ఏమయ్యాయి? రీలు_డబ్బా అన్నా, మీకు తెలియక వదిలేశారని అనుకోను.

రీలు_డబ్బా
తెలుసు. మొదటి పోస్టులోనే రాయాల్సింది. రాయలేదు, అది నా తప్పే.

ఫాంక్ సినిమాల్లో రైన్ల్‌కి పరిచయమైన నటి లెనీ రీఫెన్‌స్టాల్. తర్వాత హిట్లర్ కోసం ప్రచార చిత్రాలు తీసిన మనిషే. యుద్ధం నడుస్తుండగా 1940లో ఆమె ‘టీఫ్‌లాండ్’ మొదలుపెట్టింది. రైన్ల్ దానికి అసిస్టెంట్ డైరెక్టర్, స్క్రిప్ట్‌లో కూడా చెయ్యి వేశాడు. కథ స్పెయిన్‌లో నడుస్తుంది. అక్కడి జనంలా కనబడే మనుషులు కావాలని సాల్స్‌బర్గ్ దగ్గర మాక్స్‌గ్లాన్ క్యాంపులో బంధించి ఉంచిన రోమా, సింతీ (జిప్సీలని పిలిచేవాళ్లు) కుటుంబాలని తెచ్చారు. పెద్దవాళ్లు, పిల్లలు. తర్వాత బెర్లిన్ దగ్గర మార్జాన్ క్యాంపు నుంచి కూడా. షూటింగ్ అయ్యాక వాళ్లని మళ్లీ క్యాంపుకే పంపారు. వాళ్లలో చాలామందిని తర్వాత నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి తరలించి చంపేశారు.

ఎవరు ఎంచారనే ప్రశ్న కోర్టులకి ఎక్కింది. ఎంపిక చేసింది తన అసిస్టెంట్లు, అందులో రైన్ల్ ఒకడు, నేను కాదు అని రీఫెన్‌స్టాల్ వాదిస్తూ వచ్చింది. వాళ్లందరినీ యుద్ధం తర్వాత చూశానని కూడా ఆమె అంది, 2002లో ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సినిమా 1954లో విడుదలైంది.

అరకు_అమ్మాయి
పిల్లలు కూడానా.

నిక్కచ్చి
అవును. ఇప్పుడు చెప్పండి, పేరా చాలా? నాకైతే ఇక్కడ ఇంకో పేరా కావాలి, అదీ ముందు రాయాలి. ‘బెర్గ్‌క్రిస్టాల్’లో హీరో ఫ్రాంజ్ ఐష్‌బెర్గర్ ఎవరనుకున్నారు? ‘టీఫ్‌లాండ్’లో గొర్రెల కాపరి వేసినతనే. అదే మనిషి, అదే కొండ, ఏమీ జరగనట్టు 1949లో మళ్లీ మొదలు.

కట్_చెప్పు
రెండు రోజులుగా ఏం రాయాలో తెలియలేదు. పైన నేను ఆయన పనితనం గురించి అంత రాశా, అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. కానీ మా పనిలో జూనియర్ ఆర్టిస్టులని పిలిచేది అసిస్టెంట్ డైరెక్టరే. పొద్దున బస్సు దిగినవాళ్లని లెక్కపెట్టేది, టిఫిన్ అందిందా లేదా చూసేది, ముందు వరసలో ఏ ముఖం ఉండాలో ఎంచేది, సాయంత్రం బేటా ఇప్పించి బస్సెక్కించేది అన్నీ మేమే. ఆ మనుషులు రేపు ఎక్కడికి వెళ్తారో తెలియకపోవడం ఉండదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్నా, నాకు నిద్ర పట్టలేదు.

డాన్యూబ్_గట్టు
మాక్స్‌గ్లాన్ ఇప్పుడు సాల్స్‌బర్గ్ ఊళ్లోనే ఒక పేట. లింజ్ నుంచి రైలెక్కితే గంటకి కాస్త పైన. ఆఫీసు పని మీద చాలాసార్లు ఆ ఊరు వెళ్లా, పేరు తెలియదు. వచ్చేవారం వెళ్లినప్పుడు ఆ పేటకి వెళ్తా.

మెటలర్జీ_మూర్తి
చర్చ బరువెక్కింది, తేలిక చేయాలని కాదు గానీ డేనికెన్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఎరిక్ ఫాన్ డేనికెన్ పుస్తకం చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. వేరే గ్రహాల వాళ్లు వచ్చి మన పూర్వీకులకి విద్యలు నేర్పారని వాదన. మహాభారతంలో అస్త్రాలు, ఢిల్లీ ఇనుప స్తంభం అన్నీ సాక్ష్యాలే ఆయనకి. ఆ పుస్తకాన్ని 1970లో డాక్యుమెంటరీగా తీసింది రైన్లే. ఉత్తమ డాక్యుమెంటరీ ఆస్కార్‌కి నామినేట్ అయింది, గెలిచింది మాత్రం ‘వుడ్‌స్టాక్’. 1973లో దాన్ని కత్తిరించి రాడ్ సెర్లింగ్ గొంతుతో అమెరికా టీవీలో వేస్తే అక్కడ డేనికెన్ పిచ్చి ఇంటింటికీ పాకింది. థియేటర్ డైరెక్టర్‌కి టీవీ వల్ల వచ్చిన పేరది.

ఇనుప స్తంభం గురించి నా చదువు చెప్పినదాన్ని చెబుతా. అది గుప్తుల కాలం నాటిది, ఎత్తు 7 మీటర్ల పైన. మనవాళ్లు బొగ్గు కొలిమిలో కాల్చి కొట్టి చేసిన ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన సన్నటి పొర కట్టి తుప్పుని ఆపుతుంది. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం ఆ పొర సంగతి విడమరిచి చూపించారు. మన కమ్మరి గొప్పతనాన్ని ఎక్కణ్ణుంచో వచ్చినవాడికి కట్టబెడితే నాకు కోపం వస్తుంది. నలభై ఏళ్లయినా తగ్గలేదు.

సీమ_సినిమా
మూర్తి గారూ, ఇది విడిగా ఒక టాపిక్ పెట్టండి, మా అబ్బాయికి చదివిస్తా.

అరకు_అమ్మాయి
చివరికి ఆయన ఏమయ్యారు?

రీలు_డబ్బా
విషాదమే. 50ల్లో కారిన్ డోర్ అనే నటిని పెళ్లి చేసుకున్నాడు. రెండో భాగంలో రిబన్నా ఆమే, నీబెలుంగెన్‌లో బ్రున్‌హిల్డ్ ఆమే. 1967లో జేమ్స్ బాండ్ సినిమాలో కూడా వేసింది. 1968లో విడిపోయారు. మూడో భార్య డానియెలా డెలిస్, చెక్ నటి. 1986 అక్టోబర్‌లో కానరీ దీవుల్లో, టెనెరిఫెలోని వాళ్లింట్లో ఆమె కత్తిపోట్లకి చనిపోయాడు. 78 ఏళ్లు. ఆ విషయం మీద పత్రికలు చాలా పేజీలు నింపాయి, సినిమాల మీద కంటే ఎక్కువే.

ఇక మొదటి ప్రశ్నకి వస్తా. పేరా ఒక్కటే ఎందుకంటే కారణం 1962లో ఉంది. ఆ ఫిబ్రవరిలో ఓబర్‌హౌజెన్‌లో 26 మంది కుర్రకారు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ‘పాత సినిమా చచ్చిపోయింది. మేం కొత్త సినిమాని నమ్ముతున్నాం’ అన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అంతకుముందు ఏడాది జాతీయ బహుమతి ఇవ్వడానికి తగిన సినిమా ఒక్కటీ లేదని కమిటీ చేతులెత్తేసింది. యుద్ధం గురించి, నాన్నలు చేసిన పని గురించి తెరమీద ఎవరూ నోరు మెదపడం లేదు. ఆ ప్రకటన వచ్చిన ఏడాదే డిసెంబర్‌లో రైన్ల్ వెండి సరస్సు వచ్చింది. చరిత్ర రాసినవాళ్లు ఫిబ్రవరి వైపు నిలబడ్డారు, జనం డిసెంబర్ వైపు.

కానీ నిక్కచ్చి అన్నట్టు ఆయనదంటూ మాట లేదనడం ఒప్పుకోను. ఫ్రిట్జ్ లాంగ్, ఆయనా ఆస్ట్రియా వాడే, 1960లో డాక్టర్ మబూజె అనే మహానేరస్థుడి మీద తన చివరి సినిమా తీసి వదిలేస్తే తర్వాతి రెండూ రైన్ల్ తీశాడు. లాంగ్ 1924లో తీసిన నీబెలుంగెన్‌ని 1966లో మళ్లీ తీశాడు, హీరో సీగ్‌ఫ్రీడ్‌గా ఒలింపిక్ కాంస్యం గెలిచిన హామర్ త్రోయర్ ఊవే బేయర్‌ని పెట్టి. లాంగ్ అడవినంతా స్టూడియోలో కట్టాడు. రైన్ల్ ఐస్‌లాండ్ వెళ్లాడు. నటన విషయంలో బేయర్ లాంగ్ హీరో కాలిగోటికి సరిపోడు. కానీ ఆ నేల చూడండి, పొగలు కక్కుతూ ఉంటుంది. రైన్ల్‌కి తెలిసిన మాట అదొక్కటే, నేల. దాంతోనే 40 ఏళ్లు బతికాడు.

నిక్కచ్చి
ఈ పోస్టుకి ఒప్పుకుంటా, ఒక్క షరతు మీద. నేల గురించి రాసేచోట ఆ నేల మీదికి బలవంతంగా తెచ్చిన మనుషుల గురించి కూడా అదే పేజీలో రాయాలి.

రీలు_డబ్బా
ఒప్పుకున్నా.

డాన్యూబ్_గట్టు
మొన్న గురువారం మాక్స్‌గ్లాన్ వెళ్లొచ్చా. ఇళ్లు, సైకిళ్లు, బేకరీ, ట్రాలీ బస్సు. బేకరీ ముందు బల్ల మీద కూర్చుని కాఫీ తాగా గానీ గొంతు దిగలేదు. ఒక పాప తల్లితో బస్సు దిగి స్కూలు బ్యాగు ఈడ్చుకుంటూ వెళ్లింది.

ఇంటికొచ్చాక ఓనరమ్మకి అంతా చెప్పా. ‘టీఫ్‌లాండ్’ పేరు విన్నదట, ఈ సంగతి తెలియదట. లోపలికి వెళ్లి వాళ్లన్నయ్యకి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడుకున్నారు, తలుపు వేసి ఉంది కాబట్టి ఏమన్నారో తెలియదు. బయటికి వచ్చి, వచ్చే ఆదివారం ‘డెర్ వైసె రౌష్’ పెట్టమని అడిగింది. ఆ స్కీయర్లలో ఆయన ఎవరో చూడాలట.

కట్_చెప్పు
చూశాక రాయండి. ఏ షాట్‌లో, ఎటు వైపున ఉన్నాడో గుర్తుపడితే అదీ రాయండి.